కంపచెట్టు జీతగాళ్లు

తెల్లవారి లేవగానే మహాలక్ష్మమ్మ మొదట చేసే పని మొగుడి తరపు చుట్టాలను వరసపెట్టి తిట్టడం.

అక్కడ చుట్టాలెవరూ ఉండరు. ఉండేవి గొర్రెలు. మందలో ప్రతి గొర్రెకూ ఆమె అత్తింటివాళ్ల వరసో పేరో పెట్టుకుంది. వేపపుల్ల నములుతూ, కొంగు నడుముకు బిగించి, దొడ్డి తడికను ఒక్క గొర్రె పట్టేంత తెరిచి పక్కన నిలబడుతుంది. ఒక్కొక్కటి బయటికి వస్తుంటే ఒక్కొక్క తిట్టు.

"రా పెద్దత్తా, రా. నిన్న మేసింది చాలక తడిక గూడా నములుతాండావా?"

"చిన్నాడబిడ్డా, నీ కండ్లు ఎప్పుడూ పక్కోళ్ల చేనిమీదనే."

"బావా, పొట్టేలువి గాబట్టి బతికిపోతివి. మనిషివైతే పంచాయితీ పెట్టిందును."

మంద మొత్తం బయటికి వచ్చాక ఒక తిట్టు మిగిలిపోతే ఒక గొర్రె తప్పిపోయినట్టు. ఆమెకు తెలిసిన లెక్క అదే. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

మొగుడు చెన్నకేశవ అరుగు మీద కూర్చుని, బీడీ కాలుస్తూ, తన వంశం మొత్తం తిట్లు తినడం రోజూ వింటాడు. "నీ పుట్టింటోళ్ల పేరు ఒగదానికన్నా పెట్టగూడదా?" అని ఒకసారి అడిగి చూశాడు. "మావోళ్ల పేరు పెడితే తిట్టబుద్ది గాదు. తిట్టకపోతే లెక్క తెలీదు," అంది ఆమె. ఆయన మళ్లీ అడగలేదు. మాట తక్కువ మనిషి. అబద్ధమాడటం చేతకాదు సరికదా, పక్కన ఎవరైనా ఆడినా ఆయనకు దగ్గు వస్తుంది. నలభై ఏళ్లు మహాలక్ష్మమ్మతో కాపురం చేశాక ఆ దగ్గు ముదిరి, ఊళ్లో అందరూ దాన్ని బీడీ దగ్గనే అనుకునేదాకా వచ్చింది.

వాళ్ల ఊరు జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఉంది. డ్యాము దగ్గరే కాబట్టి వేసవిలో కూడా గొర్రెలకు నీళ్లుంటాయి. పచ్చిక మాత్రం ఉండదు. నీళ్లు తాగి గొర్రె బతకదు కదా. మార్చి దాటాక ఆ చుట్టుపక్కల పచ్చగా కనపడేది ఒక్కటే, కంపచెట్టు. ఎప్పుడో సర్కారువాళ్లు వంటచెరకు కోసమని తెచ్చి నాటించారట, అందుకే దానికి సర్కారు తుమ్మ అనే పేరూ ఉంది. ఆ తర్వాత దాన్ని నాటాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వాగులో, గట్టు మీద, బడి వెనక, కూలిన ఇంటి నడిమధ్యలో అదే మొలిచింది. దాని ఆకును గొర్రె ముట్టదు. కాయను మాత్రం వదలదు. పసుపుపచ్చగా, తియ్యగా ఉండే ఆ కాయలు చెట్ల కింద రాలి ఉంటే మంద కదలమన్నా కదలదు.

కాయలు అయిపోయే వేళకు, అంటే ఏప్రిల్ చివరికి, మొగుడూ పెళ్లామూ మందను తోలుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు నడుస్తారు. అక్కడ చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులకు ఎరువు కావాలి. వీళ్లకు మేత కావాలి. రాత్రుళ్లు ఖాళీ చేన్లో వల చుట్టి మంద కడతారు. రోజూ కాస్త జరుపుతూ పోతే వానలు పడేలోగా చేను మొత్తం పెంటికలతో, మూత్రంతో తడిసి బలం పట్టుకుంటుంది. బదులుగా రైతు గింజలు పెడతాడు, శనక్కట్టె, అంటే ఎండిన వేరుశనగ తీగ, వేస్తాడు. పగలు బోర్ల కింద పచ్చగా ఉండే గట్లన్నీ గొర్రెలవే.

మహాలక్ష్మమ్మకు ఇలా ఖాయంగా ఉన్న చేను పులివెందుల అవతల ఓబులేసుది. మిగతా రైతులకు ఎవరి మందలు వాళ్లకున్నాయి, కొత్తవాళ్లను రానివ్వరు. ఓబులేసు చేను పోతే వేసవి పోయినట్టే. వేసవి పోతే సగం మంద సంతకు పోయినట్టే. సగం చుట్టాలను అమ్ముకుంటే పొద్దున్నే తిట్టడానికి ఎవరు మిగులుతారు?

ఆ చేను పోయేంత పని ఆమె నోటి వల్లే జరిగింది.

నాలుగేళ్ల కిందట ఓబులేసు తన తోట పక్కన ఖాళీగా ఉన్న చేన్లో కొత్తగా చీనీ మొక్కలు పెట్టాలనుకున్నాడు. దానికి ముందు మంద కట్టమన్నాడు. ఆయన ఈమెను అత్తా అంటాడు, ఈమె ఆయనను అల్లుడా అంటుంది. రక్తసంబంధం ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఒకరినొకరు దెప్పుకోవడానికి ఆ వరస బాగా కుదిరింది.

"అల్లుడా, ఇవి ఊరికే గడ్డి మేసిన గొర్రెలు గావు," అని ఆ ఏడు ఆమె గొప్పలు పోయింది. "కంపకాయ తిన్న గొర్రెలు. ఈటి పెంటికల్లో ఉండే బలం నీ ఎరువుల అంగట్లో దొరకదు."

"అట్లనా అత్తా?"

"అట్లనే. ఆ కంపచెట్టు కన్నా మొండిది యాడుంది? ఆ మొండితనం అంతా కాయలో, కాయలోది పెంటికలో, పెంటికలోది నీ చీనీ చెట్లకు."

చెప్పి ఊరుకోలేదు. మైలవరం వైపు ఏరించిన కాయలు రెండు సంచులు ఆటోలో తెప్పించి, ఓబులేసు చూస్తుండగా వల మధ్యలో కుమ్మరించి మరీ తినిపించింది. చుట్టాలందరూ కరకరా నమిలారు. ఓబులేసు సంతోషపడి మామూలుకన్నా ఎక్కువ గింజలు కొలిపించాడు. నోరా వీపుకు తేకే అన్న సామెత ఆమెకూ తెలుసు గానీ, అది ఇతరుల నోళ్ల గురించి అనుకుంది.

ఆగస్టులో ఓబులేసు ఫోన్ చేశాడు. "అత్తా, రోంత వచ్చిపోండి. మామను గూడా తోడుకోని రా."

గొంతులో అల్లుడి మర్యాద ఎక్కువగా ఉంది. అది వినే ఆమెకు అనుమానం వచ్చింది.

ఇద్దరూ బస్సెక్కి పోయారు. చేను గట్టు మీద నిలబడి చూస్తే నిజంగానే కళ్లు చల్లబడేంత పచ్చగా ఉంది. మోకాలి ఆపరేషన్ అని ఓబులేసు, ఆయన భార్య నాగలక్ష్మి కడపలో కూతురింట్లో నెల పైగా ఉండిపోయారు. పక్క చేని మనిషి మాట తప్పకుండా రోజూ డ్రిప్పు వదిలాడు. డ్రిప్పు పైపుకు ఎక్కడెక్కడ బొట్టు పడే రంధ్రం ఉందో అక్కడక్కడ ఒక చీనీ మొక్క బిక్కుబిక్కుమంటూ ఉంది. ప్రతి చీనీ మొక్క చుట్టూ పెళ్లికూతురు చుట్టూ ముత్తైదువలు చేరినట్టు నాలుగైదు కంపమొక్కలు. మూరెడు పొడుగు, నిగనిగలాడుతూ, ముళ్లతో సహా.

"ఇదేందత్తా?" అన్నాడు ఓబులేసు.

మహాలక్ష్మమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తీరిగ్గా చూసింది. "పిట్టలేసిండాయి అల్లుడా. పిట్టలకు బుద్ది లేదు."

చెన్నకేశవ దగ్గాడు.

"పిట్టలు పక్కోని చేన్లో ఏయకుండా నాదాంట్లోనే ఏసినాయా? అదో చూడు, ఆయప్ప చేన్లో ఒగటన్నా ఉందా?"

"గాలికి కొట్టకొచ్చిండాయి."

చెన్నకేశవ మళ్లీ దగ్గాడు.

"అవేమన్నా దూదిపింజలా, గాలికి రాడానికి?"

"వేంపల్లె మంద ఏదో మీ చేన్లో తోలుకోని పోయుంటారు. నువ్వు ఊళ్లో లేవు గదా."

ఈసారి చెన్నకేశవ దగ్గు ఆగలేదు. గట్టు మీద కూలబడ్డాడు. నాగలక్ష్మి ఇంట్లోంచి ఆయనకు చెంబుతో నీళ్లు తెచ్చింది. మరో చేత్తో ఒక టెంకాయ చిప్ప తెచ్చి మహాలక్ష్మమ్మ ముందు పెట్టింది. చిప్ప నిండా గొర్రె పెంటికలు. మధ్యలోంచి రెండు కంపమొలకలు తలలెత్తి చూస్తున్నాయి.

"మీ మంద పోయినాక గట్టు మింద మిగిలినవి పెద్దమ్మా. పూలచెట్లకు ఏస్తామని తీసిపెట్టిందును. నీళ్లు పోసినా. ఇవి వచ్చినాయి," అంది నాగలక్ష్మి మెల్లగా.

టెంకాయ చిప్పతో వాదించడం ఎలాగో మహాలక్ష్మమ్మకు తోచలేదు.

"నువ్వే గదత్తా చెప్తివి," అన్నాడు ఓబులేసు. "మొండితనం కాయలోకి, కాయలోది పెంటికలోకి, పెంటికలోది నా చేన్లోకి. చెప్పిందంతా నిజమే. వచ్చే ఎండాకాలం నేను వేంపల్లె వాళ్లను పిలుచుకుంటా. వాళ్ల గొర్రెలు గడ్డే తింటాయంట."

ఆమె ఆ పూట ఊరికి పోలేదు. ఓబులేసు వద్దన్నా చెన్నకేశవను వెంటేసుకుని చేన్లోకి దిగి కంపమొక్కలు పీకడం మొదలుపెట్టింది. పైన మూరెడు ఉన్నదానికి కింద బారెడు వేరు. తడి నేలైనా లాగితే రాదు, గడ్డపారతో పెళ్లగించాలి. ఆ రాత్రి పశువుల కొట్టంలో పడుకుని, మళ్లీ పొద్దున్నే దిగారు. అరిచేతులు గీరుకుపోయాయి. ఒకచోట ఇంకా మొలకెత్తని పెంటిక దొరికితే ఆమె దాన్ని గోటితో విప్పి చూసింది. లోపల గింజ నున్నగా, గట్టిగా, ఎక్కడా నలగకుండా ఉంది. పంటికింద వేసుకుని కొరికింది. పన్ను కదిలింది గానీ గింజ కదల్లేదు.

"కేశవా," అంది. కోపం వస్తే ఆమె మొగుడిని పేరుతోనే పిలుస్తుంది. "ఈ చెట్టు ఎంత కంత్రీదో చూసినావా? ఆకు ముట్టనియ్యదు, చేదు. కాయకు మాత్రం తియ్యటి తోలు. ఆ తోలు కూలి. కూలి ఆశకు గొర్రె తింటాది, గింజను కడుపులో పెట్టుకోని పులివెందుల దాకా మోస్తాది, ఈడ ఎరువుతో సహా నాటిపెడతాది. ఇన్నాళ్లూ ఈ గొర్రెలు మనవనుకుంటిమి. ఇవి కంపచెట్టుకు జీతగాళ్లు."

"మనమో?" అన్నాడు చెన్నకేశవ గడ్డపార ఆపకుండా.

ఆమె ఇంకో కంప మొదలు పట్టుకుని లాగింది. "జీతగాళ్లకు జీతగాళ్లం."

చేను శుభ్రమయ్యాక ఓబులేసు గట్టు మీద నిలబడి ఉంటే ఆయన ముందుకు పోయి నిలబడింది. వచ్చే ఎండాకాలం ఒక్కటి తన మందనే కట్టనివ్వమంది. వానలు పడి ఆగస్టు వచ్చాక ఇద్దరూ కలిసి చేను మొత్తం నడుద్దామంది. "ఒగ్గ కంపమొక్క కనపడినా మళ్లా నీ గట్టు తొక్కను. నా బావను గూడా నీకే ఇచ్చి పోతా."

ఓబులేసుకు బావ ఎవరో తెలుసు. పులివెందుల చుట్టుపక్కల అలాంటి పొట్టేలు లేదు.

"ఒగ్గటంటే ఒగ్గటే," అన్నాడు. "మల్ల పిట్టా గాలీ అంటే ఒప్పుకోను."

ఇంటికి చేరాక మహాలక్ష్మమ్మ మొదట ఆలోచించింది గొర్రెల నోళ్లు కట్టడం. ఎండలు మొదలై కంపకాయలు రాలగానే, మైదుకూరు నుంచి వచ్చే ఉల్లిగడ్డల వలసంచులు తెచ్చి, కత్తిరించి, మందలో అందరికీ చిక్కాలు కట్టింది. చుట్టాలందరూ మూతులకు ఎర్రటి వలలతో ఊళ్లో నడుస్తుంటే జనం బయటికొచ్చి చూశారు. సాయంత్రానికి పెద్దత్త చిక్కాన్ని తోడికోడలు తినేసింది, తోడికోడలు చిక్కాన్ని ఇంకెవరో తినేశారు. మిగిలినవి ఆకలికి ఒకటే అరుపు. కంపకాయ తినొద్దంటే ఆ కాలంలో తినడానికి ఇంకేముంది? రెండో రోజుకు చిక్కాలన్నీ విప్పేసింది.

తర్వాత ఆమెకు తట్టింది సులువైన మాట. లోపలికి పోకుండా ఆపలేకపోతే, బయటికి వచ్చేదాకా ఆగాలి. ఎన్నాళ్లు ఆగాలో తెలియాలి, అంతే.

దానికి బావను ఎంచుకుంది. ఒకరోజు కడుపునిండా కంపకాయలు పెట్టి, మరుసటి రోజు నుంచి పెరట్లో కట్టేసి శనక్కట్టె మాత్రమే వేసింది. ఏ రోజు పెంటికలు ఆ రోజు వేరే గ్లాసులో వేసి నీళ్లు పోసింది. గ్లాసులంటే జమ్మలమడుగు బస్టాండులో టీ తాగి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు. గోడ పొడుగునా వరసగా పేర్చింది. ఊళ్లో వాళ్లు పెరటి గోడ మీంచి తొంగి చూసి, "ఏం మహాలక్ష్మమ్మా, పెంటికల నర్సరీ పెట్నావా? మొక్క ఎంత?" అని అడగసాగారు. "నీకైతే ఊరికే ఇస్తా, నీ వాకిట్లోనే నాటుకో," అనేది.

మొదటి గ్లాసుల్లో కంపమొలకలు గుంపుగా లేచాయి. తర్వాతి వాటిల్లో పలచబడ్డాయి. వారం దాటిన గ్లాసుల్లో ఏమీ రాలేదు. ఎందుకైనా మంచిదని మళ్లీ ఒకసారి అదే చేసింది. బావ మాత్రం రెండుసార్లూ బాగా ఒళ్లు చేశాడు.

అంటే పులివెందుల చేరేముందు మంద ఎక్కడో ఒకచోట వారం పైగా ఆగాలి. కాయలు లేని చోట ఆగాలి. ఆ వారం పడే పెంటికల్లోంచి ఎన్ని కంపలు మొలిచినా కోపం రాని మనిషి నేల కావాలి. అలాంటి పిచ్చివాడు ఎక్కడుంటాడు?

ఉన్నాడు. పేరు జియావుల్లా. ప్రొద్దుటూరు మనిషి, కువైట్‌లో కొన్నేళ్లు డ్రైవరుగా చేసి తిరిగొచ్చి బొగ్గుల పని పెట్టుకున్నాడు. ఎక్కడ కంప ఉంటే అక్కడ కొనుక్కుని, కొట్టి, మన్ను కప్పి కాల్చి, ఆ బొగ్గు ప్రొద్దుటూరులో ఇస్త్రీ బండ్లవాళ్లకు, బంగారు పనివాళ్లకు వేస్తాడు. ఒకరోజు మైలవరం రోడ్డు మీద మహాలక్ష్మమ్మ మంద దగ్గర బండి ఆపి దిగాడు. చుట్టుపక్కల ఎక్కడన్నా అమ్మకానికి కంప ఉందా అని అడిగాడు.

"ఏం, నీ కంపంతా ఏమయ్యింది?"

"అదే పరేషాన్ పెద్దమ్మా. ముద్దనూరు కాడ మా మామది ఉప్పునేల ఉంది, దాంట్లో ఏదీ పండదు, కంప ఒగటి బాగా వస్తాండె. దాన్నే కొట్టుకుంటాంటి. వేర్లు గూడా బొగ్గయితాయి గదా అని జేసీబీ పెట్టి మొదళ్లతో తీపిస్తి. ఇప్పుడు ఒగటి గూడా మళ్లా చిగరల్యా."

మహాలక్ష్మమ్మ గుండె లోపల డప్పు కొట్టింది. మొహం మాత్రం చింతపండు తిన్నట్టు పెట్టింది. "మరి నాటుకోరాదా?"

"కంపను ఎవురన్నా నాటుతారా పెద్దమ్మా? ఊళ్లో నగరూ?"

"నగుతారు," అని ఒప్పుకుంది. "నా మందను నీ నేలలో వారం పది దినాలు కట్టినానంటే అది ఎట్ల లేస్తాదో చూద్దువు. కానీ నా గొర్రెల పెంటిక ఊరికే రాదు జియా. పులివెందులోళ్లు దీనికి ఎగబడతాండారు."

దూరంగా చెన్నకేశవ దగ్గు వినపడింది.

"ఏమియ్యమంటావు?"

"వారానికి సరిపడా శనక్కట్టె. నీళ్ల ట్యాంకరు. మీ మామ ఉప్పునేలలో నీడకు ఒగ పరదా. ముసిలాయప్పకు దగ్గు, చూస్తాండావు గదా."

జియావుల్లా బేరమాడకుండానే ఒప్పుకున్నాడు. పెద్దమ్మను మోసం చేస్తున్నానేమోనని కాస్త మనసు పీకింది కూడా. ఉప్పునేలకు ఉత్తగా కంప వస్తుందంటే ఎవరు వదులుకుంటారు? పోయేటప్పుడు చుట్టాలందరికీ బండిలో ఉన్న అరటితొక్కలు వేసి పోయాడు.

అనుకున్నట్టే ఏప్రిల్‌లో మంద ముద్దనూరు దగ్గర ఆ నేలలో ఆగింది. చుట్టూ వల, మధ్యలో శనక్కట్టె, పైన పరదా. అన్నీ సవ్యంగా జరిగాయి, చివరి రోజు సాయంత్రం దాకా. ఆ సాయంత్రం వల దగ్గర తిట్లన్నీ అయ్యాక ఒక తిట్టు మిగిలిపోయింది.

"చిన్నాడబిడ్డ యాడ?"

చిన్నాడబిడ్డ వల కింద దూరి, వాగు ఒడ్డున కంపచెట్ల కింద నిలబడి, కళ్లు అరమోడ్చి నములుతోంది. ఎంతసేపటి నుంచో, ఎన్ని కాయలో తెలియదు.

"దీన్ని ఈడనే జియా కాడ ఇడ్సిపోదాం," అన్నాడు చెన్నకేశవ.

"దానికింద పాలు తాగే పిల్ల ఉండాది. తల్లీ పిల్లా ఈడ ఒంటిగా ఉంటే కుక్కలు బతకనిస్తాయా?"

"మనమూ వారం ఆగుదాం."

"ఓబులేసు ఎల్లుండికి రమ్మన్నాడు. ఒగ దినం ఆలస్యమైతే వేంపల్లె వాళ్లు దిగుతారు."

రాత్రంతా ఆలోచించి, తెల్లవారాక ఆమె ప్రొద్దుటూరు బట్టల అంగడి సంచి ఒకటి తీసింది. పెళ్లిళ్లకు చీరలు కొంటే ఇస్తారే, గట్టి గుడ్డతో కుట్టినవి, అలాంటిది. దాని చెవులకు తాళ్లు కట్టి, చిన్నాడబిడ్డ నడుము మీదుగా బిగించి, తోక కింద సంచి నోరు తెరుచుకుని ఉండేలా అమర్చింది. ఆ వైభవంతో చిన్నాడబిడ్డ ముద్దనూరు నుంచి పులివెందుల దాకా నడిచింది. సంచి మీద ఎర్రటి అక్షరాలతో 'శుభకార్యాలకు స్వాగతం' అని ఉంది. రోడ్డు మీద పోయే ఆటోలు ఆగి మరీ చూశాయి. ఒక బస్సు డ్రైవరు, "ఎవురి పెండ్లమ్మా?" అని అడిగాడు. "మా ఆడబిడ్డది," అంది మహాలక్ష్మమ్మ.

దురదృష్టం ఏమిటంటే అదే సమయానికి నిజమైన చిన్నాడబిడ్డ, చెన్నకేశవ చెల్లెలు, ఆ బస్సులోనే ఉంది. ఆమె ఆ ఏడాదంతా వదినతో మాట్లాడలేదు.

ఓబులేసు చేన్లో చీనీ మొక్కల జోలికి పోకుండా సాళ్ల మధ్య వల కట్టి మందను నిలిపారు; అక్కడా వారం దాకా ఆ సంచి తియ్యలేదు. రోజూ దాన్ని ఖాళీ చేసి, పెంటికలు పొయ్యిలో వేసి కాల్చేది. "దానికేం రోగమత్తా?" అని ఓబులేసు అడిగితే, "సిగ్గు," అంది.

వానలు పడ్డాయి. ఆగస్టు వచ్చింది. మొగుడూ పెళ్లామూ, మాట ప్రకారం బావను ఆటోలో వేసుకుని, పులివెందుల పోయారు. పోయేదారంతా ఆమె పొట్టేలు మెడ మీద చెయ్యి వేసుకునే కూర్చుంది. ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఓబులేసు ముందు, ఆమె వెనక, చెన్నకేశవ ఆ వెనక, నాగలక్ష్మి చివర. సాలు సాలూ నడిచారు. డ్రిప్పు దగ్గర గరిక ఉంది, తుంగ ఉంది, చీనీ మొక్కలు నడుము ఎత్తుకు వచ్చాయి. కంప లేదు. సగం చేను అయ్యింది, లేదు. ముప్పావు అయ్యింది, లేదు. ఆమె నడకలో ఊపు వచ్చింది. చివరి సాల్లో, చీనీ మొక్క మొదట్లో గరిక చాటున, జానెడు పొడుగున, లేతాకుపచ్చగా, అది ఉంది.

ఓబులేసు రెండడుగులు ముందుకు దాటిపోయాడు, ఇంకా చూడలేదు. మహాలక్ష్మమ్మ ఠక్కున దాని మీద కూర్చుంది.

"ఏమాయ అత్తా?"

"కాళ్లు లాగుతాండాయి అల్లుడా. రోంతసేపు కూచుంటా."

చెన్నకేశవకు దగ్గు మొదలైంది.

"ఈడ ఎండలోనా? లెయ్, తోటలో నీడుంది."

"నాకు ఎండే బాగుంటాది. వయసయినాక ఎముకలకు ఎండ తగలల్లంట, డాక్టరు చెప్పినాడు."

చెన్నకేశవ దగ్గుతూ గట్టు దాకా పోయాడు. మిగిలిన నాలుగు మొక్కలూ ఓబులేసు ఒక్కడే చూసి వచ్చాడు. ఆమె కదల్లేదు. భోజనానికి లెమ్మంటే కదల్లేదు. నాగలక్ష్మి సంగటి, ఊరుబిండి పచ్చడి అక్కడికే పళ్లెంలో తెచ్చిపెడితే అక్కడే తిన్నది. ముళ్లు లేతవే గానీ ముళ్లే కదా. ఒక్కొక్క ముద్దకూ మొహం ఒక్కొక్క రకంగా పోతోంది. "ఊరుబిండి కారమయిందా పెద్దమ్మా?" అని నాగలక్ష్మి అడిగింది. "శానా బాగుంది," అంది ఆమె, కళ్లలో నీళ్లతో.

ఓబులేసు మోటారు ఆపడానికి షెడ్డు వైపు పోయాడు. నాగలక్ష్మి ఆయన వెళ్లేదాకా ఆగి, పళ్లెం అందుకుంటూ వంగి, "ఇంక లెయ్ పెద్దమ్మా. గుచ్చుకుంటాంటాది," అంది.

మహాలక్ష్మమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"మా ఆయప్ప తెల్లారుతూనే వచ్చి చేనంతా తిరిగి దొరికినవి దొరికినట్టు పీకి పారేసిండాడు. కండ్లు సరిగా ఆనవు గదా, ఇదొగటి మిగిలినట్టుంది."

"యాలమ్మా? ఎందుకు?"

"వేంపల్లె వాళ్లను పోయినేడు అడగనే లేదు పెద్దమ్మా. మీ మంద కట్టిన సాళ్లు చూడు, ఆ పక్క సాళ్లు చూడు. ఆయప్పకు మీ మందే కావల్ల. ఒగ్గటి కనపడినా అని మాటనేసె గదా, మొగోడు, ఎట్ల ఎనక్కి తీసుకుంటాడు?"

మహాలక్ష్మమ్మ నెమ్మదిగా లేచింది. వెనక్కి చెయ్యి పెట్టి చీర సర్దుకుంది. కింద నలిగిపోయిన మొక్కను వేరుతో సహా పీకి, మన్ను దులిపి, ఓబులేసు తిరిగి వచ్చేదాకా చేత్తో పట్టుకుని నిలబడింది. మామూలు మనిషైతే దాన్ని కొంగులో దాచేసి, మాట గెలిచి ఇంటికి పోయేది.

"అల్లుడా, ఇదేందో చూడు."

ఓబులేసు మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత కళ్లు చికిలించి, మొక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కంప గాదత్తా. నల్లతుమ్మ. మన నాటు తుమ్మ."

"కంపే అల్లుడా."

"తుమ్మ అని చెప్తాండా గదా."

"నా జన్మంతా కంప కిందనే గడిచె. నాకు తెలీదా? ఆకు చూడు, ముల్లు చూడు. ఒగ్గటి కనపడితే పొట్టేలు నీదంటి, తీసుకో. నేను గట్టు తొక్కనంటి, తొక్కను."

"తుమ్మకు పొట్టేలెందుకిస్తావత్తా, నీకేమన్నా తిక్కా?" ఓబులేసు గొంతు పెరిగింది. "నా చేను, నా మొక్క. నేను తుమ్మంటే తుమ్మ. ఏం మామా, నువ్వు చెప్పు, ఇది తుమ్మా కంపా?"

గట్టు మీంచి చెన్నకేశవ అందరి మొహాలూ చూశాడు. భార్య మొహం, ఓబులేసు మొహం, పైట నోటికి అడ్డం పెట్టుకున్న నాగలక్ష్మి మొహం.

"నాకు చత్వారం," అన్నాడు. అది నిజమే.

ఓబులేసు మొక్కను లాక్కుని గట్టు అవతలికి విసిరేశాడు. "ఏప్రిల్ ఆఖరుకు వచ్చేయండి. ఈసారి తోటలో గూడా సాళ్లమధ్య కట్టల్ల. ఆ సిగ్గుగొర్రెను గూడా తోలుకోని రాండి."

ఇప్పుడు మహాలక్ష్మమ్మకు అరవై రెండేళ్లు. ఏటా వేసవి మొదట్లో మందను ముద్దనూరు దగ్గర జియావుల్లా మామ ఉప్పునేలలో పది రోజులు ఆపి, ఆ తర్వాత పులివెందులకు తోలుకుపోతుంది. మోకాళ్ల నొప్పులతో చెన్నకేశవ బస్సులో పోతాడు. ఆమె గొర్రెలతో నడిచే పోతుంది.